డ్రూల్స్ రూల్స్ ఇంజిన్‌ను బయటి సర్వీసులతో కలిపి వాడటం: విశాఖ సరుకు రవాణా పని నుంచి ఒక సమీక్ష

విశాఖపట్నం రేవు నుంచి సరుకు బయటికి కదలాలంటే లారీ, డ్రైవరు సిద్ధంగా ఉన్నంత మాత్రాన సరిపోదు. కంటైనర్‌కు కస్టమ్స్ అనుమతి వచ్చి ఉండాలి. ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ కింద తీసుకునే ఎలక్ట్రానిక్ పత్రం) గడువు బండి గమ్యం చేరేదాకా సరిపోవాలి. బండికి ఫిట్‌నెస్, బీమా, పర్మిట్ చెల్లుబాటులో ఉండాలి, డ్రైవరు లైసెన్సు ఆ తరగతి బండికి తగినదై ఉండాలి, ఖాతాదారుతో కుదిరిన రేటు ఏదో తేలాలి, తుపాను రోజుల్లోనైతే వాతావరణ హెచ్చరికను కూడా చూసుకోవాలి. వీటిలో చాలా సంగతులు రవాణా సంస్థ సొంత కంప్యూటర్‌లో ఉండవు. ఎక్కడో మరొకరి సర్వరులో ఉంటాయి. గాజువాక ఆటోనగర్‌లో కార్యాలయం ఉన్న ఒక రవాణా సంస్థ కోసం మధురవాడలోని మా బృందం డిస్పాచ్ వ్యవస్థను తయారుచేసినప్పుడు, నిర్ణయాలు తీసుకునే భాగానికి డ్రూల్స్ అనే ఓపెన్ సోర్స్ రూల్స్ ఇంజిన్‌ను, అంటే మనం రాసిపెట్టిన నియమాలను సమాచారానికి అన్వయించి నిర్ణయం తేల్చే సాఫ్ట్‌వేర్‌ను, ఎంచుకున్నాం. ఈ సమీక్షలో నేను ప్రధానంగా పరిశీలించేది ఒక్క విషయం: తనకు వెలుపల ఉన్న సర్వీసులతో ఈ ఇంజిన్ ఎలా మెలుగుతుంది, దానిని వాటితో ఏ చోట కలపాలి, ఏ చోట కలపకూడదు.

ఇంతోటి పనికి రూల్స్ ఇంజిన్ కావాలా, మామూలు ప్రోగ్రాములో షరతులు రాసుకుంటే చాలదా అని అడిగేవారికి ఈ-వే బిల్లు గడువునే ఉదాహరణగా చూపిస్తాను. 50,000 రూపాయలకు మించిన విలువగల సరుకు కదలికకు సాధారణంగా ఈ బిల్లు కావాలి. 2018 ఏప్రిల్ 1న అంతర్రాష్ట్ర రవాణాకు ఇది అమలులోకి వచ్చినప్పుడు 100 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు ఉండేది. 2021 జనవరి 1 నుంచి అది 200 కిలోమీటర్లకు ఒక రోజుగా మారింది. మిగిలిన దూరం 200 కిలోమీటర్లకు తక్కువైనా దానికి మరో రోజు కలుస్తుంది. పరిమాణం మించిన సరుకుకు మాత్రం 20 కిలోమీటర్లకు ఒక రోజు లెక్క. విశాఖ నుంచి హైదరాబాదుకు రోడ్డు దూరం 600 కిలోమీటర్లు దాటి 700 లోపు ఉంటుంది కనుక పాత లెక్కలో ఏడు రోజులు దొరికే లారీకి కొత్త లెక్కలో నాలుగు రోజులే దొరుకుతాయి. భారీ ఉక్కు నిర్మాణాలు, పీడన పాత్రలు మోసే ట్రెయిలర్లు తిరిగే గాజువాక ప్రాంతంలో పరిమాణం మించిన సరుకు లెక్క కూడా నిత్యం అవసరమయ్యేదే. ఇలాంటి లెక్కలు ప్రభుత్వ ప్రకటనతో మారుతాయి, ఖాతాదారు ఒప్పందంతో మారుతాయి, ఒక్కోసారి రుతువుతో మారుతాయి. అవి ప్రోగ్రాములో నలుమూలలా చెదిరి ఉంటే మార్పు వచ్చిన ప్రతిసారీ ఎక్కడెక్కడ సరిదిద్దాలో వెతుక్కోవలసి వస్తుంది. నియమాలన్నీ ఒకచోట, ప్రోగ్రాము నుంచి విడిగా, చదివితే అర్థమయ్యే రూపంలో ఉండటమే రూల్స్ ఇంజిన్ ఇచ్చే మొదటి ప్రయోజనం.

డ్రూల్స్ చరిత్ర క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. 2001లో బాబ్ మెక్‌విర్టర్ మొదలుపెట్టిన ఈ జావా ప్రాజెక్టు తరువాత జేబాస్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థలో చేరింది. 2006లో జేబాస్‌ను రెడ్ హ్యాట్ కొనుగోలు చేయడంతో ఆ సంస్థ ఆధ్వర్యంలోకి వచ్చింది. 2023లో కేఐఈ (డ్రూల్స్, దాని అనుబంధ సాధనాలు కలిసిన) ప్రాజెక్టులో భాగంగా అపాచీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఇంక్యుబేటర్‌కు మారింది. అపాచీ 2.0 లైసెన్సు కింద లభిస్తుంది కాబట్టి వాణిజ్య అవసరాలకు కూడా రుసుము లేదు. అయితే లోపల ఇది ఎలా పనిచేస్తుందో మాత్రం కొంచెం వివరంగా తెలుసుకోవాలి, ఎందుకంటే బయటి సర్వీసులతో వచ్చే చిక్కులన్నింటికీ మూలం అక్కడే ఉంది.

చార్లెస్ ఫోర్జీ 1970లలో రూపొందించి, 1982లో ప్రచురించిన పరిశోధన పత్రంతో ప్రసిద్ధమైన రీటే అల్గారిథం ఈ ఇంజిన్‌కు పునాది. డ్రూల్స్ 6 నుంచి దాని స్థానంలో ఫ్రీక్ అనే కొత్త పద్ధతి వచ్చింది గానీ మూల సూత్రం మారలేదు. మనం ఇంజిన్‌కు అందించే ప్రతి సమాచారాన్నీ ఫ్యాక్టు అంటారు: ఒక బండి, ఒక కన్‌సైన్‌మెంటు (ఒక విడతగా పంపే సరుకు), ఒక ఈ-వే బిల్లు. ఈ ఫ్యాక్టులన్నీ వర్కింగ్ మెమరీలో, అంటే ఇంజిన్ పని చేస్తున్నంతసేపు తన దగ్గర ఉంచుకునే జ్ఞాపకంలో, ఉంటాయి. ఏ ఫ్యాక్టు ఏ నియమంలోని ఏ షరతుకు సరిపోయిందో, ఇంకా ఏ షరతు నెరవేరవలసి ఉందో ఇంజిన్ గుర్తుపెట్టుకుంటుంది. ఒక ఫ్యాక్టు మారిందని మనం తెలియజేస్తే, దానికి సంబంధించిన భాగాన్ని మాత్రమే తిరిగి లెక్కిస్తుంది. వందల నియమాలు ఉన్నా వేగం తగ్గకపోవడానికి ఈ జ్ఞాపకమే కారణం. ఇందులో ఇంజిన్ పెట్టుకున్న నమ్మకం ఒకటుంది: ఏది మారినా తనకు ఎవరో ఒకరు చెబుతారన్నది. బయటి సర్వీసు ఆ నమ్మకాన్ని నిలబెట్టలేదు. రేవు యార్డులో కంటైనర్ స్థితి మారినప్పుడు, ఎవరో ఈ-వే బిల్లును రద్దు చేసినప్పుడు, ఆ సంగతి తనంతట తాను నడిచివచ్చి మన ఇంజిన్‌కు చేరదు.

డ్రూల్స్ నియమంలో రెండు భాగాలు ఉంటాయి. ‘వెన్’ కింద షరతులు రాస్తాం, ‘దెన్’ కింద చర్యలు రాస్తాం. షరతుల భాగంలో ‘ఫ్రమ్’ అనే పదం వాడి, ఒక విలువను వర్కింగ్ మెమరీకి బదులు ఏదైనా జావా మెథడ్ (ప్రోగ్రాములో ఒక పని చేసే భాగం) నుంచి తెచ్చుకునే సౌకర్యం ఉంది. కొత్తగా ఈ ఇంజిన్‌ను చేపట్టినవారికి ఈ సౌకర్యం మొదటి చూపులోనే నచ్చుతుంది. బండి నంబరు ఇచ్చి, బయటి సర్వీసును పిలిచి, వచ్చిన ఫిట్‌నెస్ తేదీని అక్కడికక్కడే పోల్చుకుంటే ఒక్క వాక్యంలో నియమం పూర్తవుతుంది. చదవడానికి చక్కగా ఉంటుంది. కానీ ఆ వాక్యం ఎన్నిసార్లు నడుస్తుందో రాసినవారి చేతిలో ఉండదు. ‘ఫ్రమ్’ అంతవరకు కుదిరిన ప్రతి జతకూ ఒకసారి నడుస్తుంది. ఒక ఉదయం 30 బండ్లు, 20 కన్‌సైన్‌మెంట్లు ఉన్నాయనుకుందాం. బండినీ కన్‌సైన్‌మెంటునూ జతపరిచే షరతు తరువాత ‘ఫ్రమ్’ ఉంటే, ముందున్న షరతులు వడపోయని పక్షంలో, 600 జతలకు 600 పిలుపులు వెళతాయి. సర్వీసు అర సెకనులో జవాబిచ్చినా, సెషన్ (ఇంజిన్ ఫ్యాక్టుల మీద నియమాలను నడిపే ఒక విడత) మామూలుగా ఒక్క థ్రెడ్‌లో, అంటే ఒకదాని తరువాత ఒకటిగా వరుసగా, నడుస్తుంది కాబట్టి, మొత్తం 300 సెకన్లు, అంటే ఐదు నిమిషాలు. అంతసేపూ యార్డు గేటు దగ్గర బండ్లు నిలబడే ఉంటాయి. నిజానికి అడగవలసినవి బండికొకటి చొప్పున 30 ప్రశ్నలే.

వేగం కంటే పెద్ద సమస్య మరొకటి ఉంది. ‘ఫ్రమ్’ ద్వారా వచ్చిన విలువ వర్కింగ్ మెమరీలోని ఫ్యాక్టు కాదు. ఆ విలువ తరువాత మారినా ఇంజిన్‌కు తెలియదు. ముందున్న ఫ్యాక్టుల్లో ఏదైనా మారి ఆ భాగం మళ్లీ లెక్కలోకి వచ్చినప్పుడే కొత్త పిలుపు వెళుతుంది. ఫలితంగా ఒకే సెషన్‌లో రెండు నియమాలు ఒకే బండి గురించి రెండు వేర్వేరు క్షణాల్లో అడిగి, రెండు వేర్వేరు జవాబులు పొందవచ్చు. ఒక నియమం బండిని పంపమంటుంది, మరొకటి ఆపమంటుంది, రెండూ తమ తమ సమాచారం ప్రకారం సరైనవే. ఫ్రీక్ పద్ధతిలో ఇంజిన్ లెక్కలను వీలైనంత ఆలస్యంగా, అవసరం పడినప్పుడే చేస్తుంది కనుక పిలుపు ఏ క్షణంలో వెళుతుందో నియమం చదివి చెప్పడం ఇంకా కష్టం. షరతుల భాగంలో పక్క ప్రభావాలు (పోల్చి చూడటానికి మించి బయట జరిగే పనులు) ఉండరాదన్న సూత్రం ఈ కారణంగానే వచ్చింది. అయితే ‘ఫ్రమ్’ను పూర్తిగా తోసిపుచ్చవలసిన పని లేదు. ఒక కన్‌సైన్‌మెంటు లోపలి సరుకుల జాబితాను విప్పి చూడటానికి, మెమరీలో ముందే ఉన్న రేట్ల పట్టికను చదవడానికి అది చక్కని సాధనం. నెట్‌వర్క్ దాటవలసిన పిలుపు దగ్గర మాత్రమే దానిని పక్కన పెట్టాలి.

రెండో మార్గం గ్లోబల్, అంటే నియమాలన్నిటికీ అందేలా సెషన్‌కు బయటి నుంచి ఇచ్చే వస్తువు. సర్వీసు వస్తువును సెషన్‌కు గ్లోబల్‌గా అందించి, నియమపు చర్య భాగంలో దానిని పిలవడం చాలామంది అనుసరించే పద్ధతి. ఎస్సెమ్మెస్ పంపడం, ఈ-వే బిల్లు గడువు పొడిగించమని కోరడం, ఖాతాదారు ఖాతాలో మొత్తం నమోదు చేయడం వంటివి ఇలా రాస్తారు. షరతుల్లో పిలవడంతో పోలిస్తే ఇది మెరుగే గానీ, ఇక్కడ వేరే ప్రమాదం పొంచి ఉంది. రూల్స్ ఇంజిన్‌లో నిర్ణయం ఒక్క అడుగులో తేలదు. ఒక నియమం నడిచి ఒక ఫ్యాక్టును మారుస్తుంది. ఆ మార్పుతో ఇంకో నియమం మేల్కొని మొదటి తీర్మానాన్ని వెనక్కి తీసుకుంటుంది. ఇంజిన్ లోపల ఇలా మనసు మార్చుకోవడం పూర్తిగా సహజం. కానీ మొదటి నియమం అప్పటికే డ్రైవరుకు ‘బయలుదేరండి’ అని సందేశం పంపేసి ఉంటే ఆ సందేశాన్ని వెనక్కి తేలేము. అదే నియమం మరో ఫ్యాక్టు మార్పు వల్ల రెండోసారి నడిస్తే రెండో సందేశం కూడా వెళుతుంది. ‘నో-లూప్’ అనే గుర్తు ఉంది కదా అనవచ్చు. అది ఒక నియమం తన చర్యల వల్ల తానే మళ్లీ నడవకుండా ఆపుతుందే తప్ప, ఇతర నియమాలు చేసిన మార్పుల వల్ల నడవకుండా ఆపదు. పైగా సర్వీసు విఫలమై చర్య భాగంలో ఎక్సెప్షన్ (ప్రోగ్రాము నడకను ఆపే దోషం) వస్తే సెషన్ నడక అక్కడే ఆగిపోతుంది. అప్పటికే నడిచిన నియమాల చర్యలు అలాగే ఉండిపోతాయి, నడవవలసినవి మిగిలిపోతాయి. జరిగినదాన్ని తనంతట తాను రద్దు చేసే ఏర్పాటు ఇంజిన్‌లో లేదు.

మూడో మార్గం ఛానెల్. దీని గురించి తక్కువమందికి తెలుసు, నా అభిప్రాయంలో దీనికి ఇంకా గుర్తింపు రావాలి. ఒక పేరుతో ఛానెల్‌ను సెషన్‌కు నమోదు చేస్తే, నియమం ఆ పేరు చెప్పి ఒక వస్తువును బయటికి పంపుతుంది. ఆవల దానిని ఏం చేస్తారన్నది నియమానికి తెలియదు, తెలియనక్కరలేదు. ఛానెల్‌కు ఉండే మెథడ్ ఒక్కటే, ‘సెండ్’. ఆ వస్తువును ఒక క్యూలో వేసి, సెషన్ పూర్తిగా ముగిశాక పంపించవచ్చు. పరీక్షల్లో ఉత్త జాబితాలో దాచుకోవచ్చు. గ్లోబల్‌గా వచ్చిన సర్వీసులో పది మెథడ్‌లు ఉంటే నియమం రాసేవారు పదింటినీ వాడే అవకాశం ఉంది. ఛానెల్ ఆ దారిని మూసేస్తుంది. ఈ క్రమశిక్షణ ఇంజిన్‌లోనే ఉండటం నాకు బాగా నచ్చింది.

ఈ మూడింటినీ తూచి చూశాక మా వ్యవస్థ స్థిరపడిన పద్ధతి ఇది. సెషన్ మొదలుకాకముందే కావలసిన సమాచారాన్ని బయటి సర్వీసుల నుంచి మామూలు జావా ప్రోగ్రాము సేకరిస్తుంది, ఒకేసారి అనేక ప్రశ్నలు సమాంతరంగా అడుగుతుంది, వచ్చిన జవాబులను ఫ్యాక్టులుగా మార్చి ఇంజిన్‌కు ఇస్తుంది. ఇంజిన్ ఆ ఫ్యాక్టుల మీద మాత్రమే ఆలోచిస్తుంది. అది తీసుకున్న నిర్ణయాలు కూడా ఫ్యాక్టులుగానే, అంటే ‘ఈ బండికి ఈ సందేశం పంపాలి’, ‘ఈ బిల్లు గడువు పొడిగించాలి’ అన్న కోరికలుగా, బయటికి వస్తాయి. నియమాలన్నీ నడిచి, ఇక మారేది ఏదీ లేదని తేలిన తరువాతే ఆ కోరికలను వేరే భాగం అమలు చేస్తుంది. నియమాల ఫైలు మొత్తం వెతికినా ఎక్కడా నెట్‌వర్క్ పిలుపు కనిపించదు.

దీనిపై సహజంగా వచ్చే అభ్యంతరం ఒకటుంది: ఏ సమాచారం అవసరమో నియమాలు నడిస్తేనే కదా తెలిసేది, అన్నీ ముందే తెచ్చిపెట్టుకుంటే వృథా కాదా అని. అభ్యంతరం న్యాయమైనదే. రొయ్యలు నింపిన శీతల కంటైనర్‌కు ఉష్ణోగ్రత నమోదులు కావాలి, మైనస్ 18 డిగ్రీల దగ్గర నిలిచిందో లేదో చూడాలి. ఉక్కు చుట్టలకు ఆ ప్రశ్నే అక్కరలేదు. ప్రతి సరుకుకూ ప్రతి ప్రశ్నా అడగడం డబ్బుకూ సమయానికీ నష్టం, ముఖ్యంగా పిలుపుకు ఇంత అని వసూలు చేసే సర్వీసుల విషయంలో. దీనికి డ్రూల్స్ స్వభావంలోనే అందమైన పరిష్కారం ఉంది. సమాచారం కొరవడిన చోట నియమం సర్వీసును పిలవదు. ‘ఈ కంటైనర్‌కు ఉష్ణోగ్రత వివరం కావాలి’ అనే ఫ్యాక్టును మెమరీలో పెడుతుంది. నియమాల నడక ఆగాక బయటి ప్రోగ్రాము ఆ అవసరాలన్నిటినీ ఏరుకుని, ఒకే వివరం రెండుసార్లు అడిగి ఉంటే ఒక్కటిగా కలిపి, సర్వీసులను అడిగి, జవాబులను చేర్చి మళ్లీ నియమాలను నడుపుతుంది. స్టేట్‌ఫుల్ సెషన్ పాత లెక్కలను గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి రెండో నడకలో కొత్తగా వచ్చిన జవాబులకు సంబంధించిన పనే జరుగుతుంది. ఏ ప్రశ్న ఎప్పుడు అడగాలన్న తెలివి నియమాల్లోనే ఉంటుంది, అడిగే శ్రమ బయట ఉంటుంది. ఈ ఇంజిన్‌లో నన్ను అన్నిటికంటే ఎక్కువగా మెప్పించిన గుణం ఇదే.

ఇక జవాబు రాని సందర్భం. సర్వీసు పలకకపోతే మెమరీలో ఏ ఫ్యాక్టూ పెట్టకుండా వదిలేస్తే ప్రమాదకరమైన అయోమయం పుడుతుంది. ‘హెచ్చరిక ఏదీ లేకపోతే బండిని పంపు’ అని ఒక నియమం ఉందనుకుందాం. హెచ్చరిక లేదని తెలిసినా, హెచ్చరికల సర్వీసే మూగబోయినా, మెమరీలో కనిపించేది ఒకే శూన్యం. ఇంజిన్ రెండింటినీ ఒకేలా చూస్తుంది. ఈ విషయంలో మన రేవుల సంప్రదాయం కంటే మంచి పాఠం లేదు. తుపాను సమయంలో విశాఖ రేవులో ఎగరవేసే ప్రమాద సూచికల గురించి ఇక్కడి పిల్లలకు కూడా తెలుసు; ఒకటి నుంచి పదకొండు వరకు ఉన్న ఆ సూచికల్లో చివరిదైన పదకొండోది, హెచ్చరిక కేంద్రంతో సమాచార సంబంధాలు తెగిపోయాయనీ, వాతావరణం ప్రమాదకరంగా మారవచ్చని స్థానిక అధికారి భావిస్తున్నారనీ చెప్పేది. సమాచారం అందకపోవడాన్ని ఒక ప్రత్యేక సమాచారంగా ప్రకటించే ఏర్పాటు అది. మా నియమాల్లో కూడా ప్రతి బయటి జవాబుకు మూడు స్థితులు పెట్టాం: అవును, కాదు, తెలియరాలేదు. మూడోదానికి విడిగా నియమాలు రాశాం. బీమా వివరం తెలియరాకపోతే కార్యాలయంలో ఒకరు కాగితం చూసి నిర్ధారించాలి. తుపాను హెచ్చరిక తెలియరాకపోతే తీరం వెంట వెళ్లే బండి ఆగాలి. ఎస్సెమ్మెస్ సర్వీసు పలకకపోతే బండి వెళ్లవచ్చు, డ్రైవరుకు ఫోన్ చేయాలి. ఏది విఫలమైనప్పుడు ఏం చేయాలన్నది వ్యాపార నిర్ణయం. అది ప్రోగ్రామరు రాసుకునే ఎక్సెప్షన్ బ్లాకులో మరుగున పడకుండా, సంస్థ యజమాని చదవగలిగే నియమంగా ఉండటం ఎంతో అవసరం.

జవాబుకు వయసు కూడా ఉంటుంది. పర్మిట్ తేదీ నిన్న తెలుసుకున్నదైనా ఈరోజు పనికొస్తుంది. యార్డులో కంటైనర్ స్థితి గంట కిందటిదైతే పనికిరాదు. అందువల్ల ప్రతి ఫ్యాక్టుతోపాటు అది ఎప్పుడు తెలిసిందో కూడా చేర్చి, ఎంత పాతది అంగీకరించవచ్చో నియమంలోనే రాయడం మంచిది. డ్రూల్స్‌లో ఫ్యాక్టును ఈవెంటుగా ప్రకటించి, దానికి కాలపరిమితి ఇస్తే గడువు తీరాక మెమరీ నుంచి అదే తొలగిపోతుంది. దీనికి తోడుగా ‘ఇన్సర్ట్ లాజికల్’ అనే సదుపాయం ఉంది. ఒక నియమం ఈ పద్ధతిలో చేర్చిన ఫ్యాక్టు, దానికి ఆధారమైన షరతులు నిజంగా ఉన్నంతకాలమే మెమరీలో నిలుస్తుంది. తుపాను హెచ్చరిక ఫ్యాక్టు ఉన్నంతసేపు ‘తీరం మార్గం మూసివేత’ ఉంటుంది. హెచ్చరిక ఉపసంహరించుకున్నట్టు బయటి నుంచి తెలిసి ఆ ఫ్యాక్టును తీసేయగానే మూసివేత కూడా, దానిపై ఆధారపడి ఆగిన బండ్ల నిలుపుదల కూడా వాటంతట అవే తొలగిపోతాయి. ఏది ఎందుకు ఆపామో గుర్తుపెట్టుకుని వెనక్కి తీసే ప్రోగ్రాము చేత్తో రాసినవారికి ఈ సదుపాయం విలువ వెంటనే తెలుస్తుంది. నిర్ణయాలు మెమరీలో ఉన్నంతవరకే ఇది సాధ్యమని, ఒకసారి బయటి సర్వీసుకు కోరిక వెళ్లిపోయాక ఏ ఇంజినూ దానిని ఉపసంహరించలేదని మాత్రం మరువరాదు.

అమలు చేసే భాగం ఇంజిన్‌కు వెలుపలిది కాబట్టి దాని గురించి ఎక్కువ రాయను. ఒక్క జాగ్రత్త చెప్పి ముగిస్తాను. ఈ-వే బిల్లు కోరిక పంపాక జవాబు రాకపోతే కోరిక అవతలికి చేరలేదని అనుకోవడానికి వీల్లేదు. చేరి, బిల్లు పుట్టి, జవాబు మాత్రమే దారిలో పోయి ఉండవచ్చు. మళ్లీ పంపేముందు అదే ఇన్‌వాయిసు సంఖ్యతో ముందే బిల్లు ఉందేమో చూడాలి. పుట్టిన బిల్లును రద్దు చేసుకోవడానికి 24 గంటలే వ్యవధి, గడువు పొడిగించడానికి గడువు తీరే సమయానికి ఎనిమిది గంటల ముందు నుంచి ఎనిమిది గంటల తరువాత వరకే వీలు. కాబట్టి పదేపదే ప్రయత్నించే ప్రోగ్రాముకు ఈ కాలపరిమితులు తెలిసి ఉండాలి. మేము ప్రతి కోరికకూ కన్‌సైన్‌మెంటు సంఖ్య, చర్య పేరు కలిపి ఒక గుర్తింపు ఇచ్చి, అదే గుర్తింపుతో రెండోసారి వచ్చినదాన్ని పక్కన పెడతాం.

బయటి సర్వీసులను ఇలా వేరుచేయడం వల్ల పరీక్షించడం ఎంత సులభమైందో మాటల్లో చెప్పడం కష్టం. నియమాలను పరీక్షించడానికి నకిలీ సర్వరు అక్కరలేదు, ఇంటర్నెట్ అక్కరలేదు. ఫ్యాక్టులు చేర్చి, నియమాలు నడిపి, వచ్చిన నిర్ణయాలను చూస్తే చాలు. కాలంతో ముడిపడిన నియమాల కోసం డ్రూల్స్ ఒక నకిలీ గడియారాన్ని ఇస్తుంది. దానిని మనకు కావలసినంత ముందుకు జరపవచ్చు. అర్ధరాత్రి గడువు తీరే బిల్లు ఏమవుతుందో పగలే, క్షణంలో తేల్చుకోవచ్చు.

నియమం నడిచిన ప్రతిసారీ దాని పేరు, ఆధారమైన ఫ్యాక్టులు నమోదు చేసే లిజనర్ కూడా ఇందులో ఉంది. ఆటోనగర్ కార్యాలయంలో డిస్పాచ్ చూసుకునే పెద్దాయన మొదటి సమావేశంలోనే అడిగిన మాట ఇది: “బండి ఆగిందంటే ఎందుకాగిందో నాకు తెర మీద కనబడాలి బాబూ. కంప్యూటర్ ఆపేసిందని పార్టీకి నేను చెప్పలేను.” ఇప్పుడు ఆయన తెర మీద ఏ నియమం ఆపిందో, ఏ సర్వీసు ఏ సమయానికి ఇచ్చిన జవాబు ఆధారంగా ఆపిందో కనిపిస్తుంది. నియమాల్లోంచే సర్వీసులను పిలిచి ఉంటే రెండో సంగతి నమోదయ్యేది కాదు, ఎందుకంటే ఆ జవాబు ఫ్యాక్టుగా ఎక్కడా నిలిచి ఉండేది కాదు. ఆలస్య రుసుముల మీద ఖాతాదారులతో వాదన వచ్చినప్పుడు ఆ నమోదే ఆధారం.

ఎక్సెల్ నిర్ణయ పట్టికలు రేట్ల విభాగం వారికి బాగా ఉపకరించాయి. ఒక్కో వరుస ఒక్కో నియమం. దూరం, బరువు, సరుకు రకం షరతుల నిలువుల్లో, రేటు చర్య నిలువులో. జావా తెలియనివారు కూడా వరుసలు చేర్చగలరు, మార్చగలరు. పట్టిక పైభాగంలోని సాంకేతిక వరుసలను మాత్రం దాచి, తాళం వేసి ఇవ్వాలి; అక్కడ ఒక్క అక్షరం చెదిరినా పట్టిక మొత్తం కంపైల్ కాదు, ఆ సందర్భంలో వచ్చే దోష సందేశాలు పట్టిక భాషలో కాక దాని నుంచి పుట్టిన నియమాల భాషలో ఉంటాయి కనుక సామాన్యులకు అర్థం కావు. ఇది ఈ ఉత్పత్తిలో సరిదిద్దవలసిన లోపమని నా గట్టి అభిప్రాయం.

డాక్యుమెంటేషన్ విషయంలో కూడా పూర్తి మార్కులు ఇవ్వలేను. ఉన్నది తక్కువేమీ కాదు. కానీ 5, 6, 7, 8 వెర్షన్ల కాలంనాటి వ్యాసాలు, ఉదాహరణలు నెట్‌లో కలగలిసి ఉన్నాయి. 6లో ప్రవేశించిన కేఐఈ పద్ధతికి ముందున్న జావా క్లాసుల పేర్లతో రాసిన ఉదాహరణలు ఇప్పటికీ వెతుకులాటలో ముందు వరుసలో కనిపిస్తాయి, నడవవు. 7 నుంచి ఒక ఫ్యాక్టులో మారిన గుణం ఏదో చూసి, దానిపై ఆధారపడిన నియమాలను మాత్రమే తిరిగి లెక్కించడం డీఫాల్టుగా మారింది. పాత పుస్తకం చదివి నేర్చుకున్నవారికి కొన్ని నియమాలు ఎందుకు మళ్లీ నడవడం లేదో బోధపడదు. కొత్తగా నేర్చుకునేవారు తాము వాడే వెర్షన్‌కు చెందిన అధికారిక పత్రాలను మాత్రమే దగ్గర పెట్టుకోవాలి. మన ఊళ్లో జావా తెలిసిన ఇంజినీర్లకు కొదవ లేదు గానీ, ‘ముందు ఇది, తరువాత అది’ అని ఆలోచించడానికి అలవాటుపడిన చేతికి ‘ఇది నిజమైతే అది’ అని వరుస లేకుండా ఆలోచించడం వెంటనే పట్టుబడదు. నియమాల వరుసను బలవంతంగా నిర్దేశించడానికి ‘సేలియన్స్’ సంఖ్యలు వాడటం ఆ అలవాటు నుంచే పుడుతుంది. అవి పెరిగేకొద్దీ ఫైలు చదవడం దుర్లభమవుతుంది. స్టేట్‌ఫుల్ సెషన్‌ను పని ముగిశాక ‘డిస్పోజ్’ చేయడం కూడా విధిగా అలవాటు చేయించాలి, లేకపోతే మెమరీ నిండుతూ పోతుంది.

నియమాలు కొద్దిగానే ఉండి, ఏడాదికొకసారి కూడా మారని చిన్న సంస్థకు నేను డ్రూల్స్‌ను సిఫారసు చేయను. అక్కడ మామూలు ప్రోగ్రామే హాయి. నిర్ణయం ఒక్క అడుగులో తేలిపోయేదై, జ్ఞాపకంతో పని లేకపోతే అదే డ్రూల్స్ నడపగల డీఎంఎన్ (డెసిషన్ మోడల్ అండ్ నొటేషన్) నిర్ణయ పట్టికలను ముందు పరిశీలించాలి. అది ఓఎంజీ (ఆబ్జెక్ట్ మేనేజ్‌మెంట్ గ్రూప్) అనే సంస్థ ప్రమాణం కనుక రేపు మరో ఇంజిన్‌కు మారినా పట్టికలు పనికొస్తాయి. నియమాలు ఎక్కువై, తరచూ మారుతూ, ఒకదానిపై ఒకటి ఆధారపడి, అనేక బయటి సర్వీసుల సమాచారంతో నడిచే పని అయితే డ్రూల్స్ నమ్మదగిన ఎంపిక. అలా ఎంచుకున్నవారు మొదటి నియమం రాయకముందే ఒక కాగితం మీద తాము ఆధారపడే సర్వీసుల పేర్లన్నీ రాసుకుని, ఒక్కోదాని ఎదుట మూడు సంగతులు సంస్థ యజమానిని అడిగి నింపుకోవాలి: జవాబు ఎంత పాతదైతే చెల్లుతుంది, రాకపోతే ఎంతసేపు ఆగాలి, అప్పటికీ రాకపోతే బండి కదలాలా ఆగాలా. మా నియమాల్లో అత్యధికం చివరికి ఆ కాగితం నుంచే తయారయ్యాయి.